మగ్గం కాళ్లు

నాకు కారు నేర్పిన సార్ పోయిన రెండు నెలలకు ఆయన భార్య ఫోన్ చేసింది. కారు అమ్మేశారట. కొన్నవాళ్లు ఎడమ సీటు ముందున్న రెండో జత పెడళ్లు తీయించి ఇమ్మన్నారట. మెకానిక్ షెడ్డు దాకా బండిని నడిపేవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

"నారాయణపేట మొత్తానికి నేర్పిండు గని ఇంట్ల ఒక్కళ్లకు రాదు బిడ్డా. బయట చెప్పుకుంటె నవ్వుతరు. జర నువ్వొస్తవా?" అంది.

వెళ్లాను. ఆ తెల్ల కారు ఇంకా పాత ఏపీ నంబరు మీదే ఉంది. ముందు అద్దం మీది ఎర్ర 'ఎల్' అక్షరం ఎండకు వెలిసి గులాబీ రంగుకు తిరిగింది. కూర్చుని క్లచ్ తొక్కాను. పక్కన ఖాళీ సీటు ముందున్న క్లచ్ కూడా దానంతట అదే కిందికి దిగింది. రెండింటినీ కలుపుతూ ఒక ఇనుప కడ్డీ ఉంటుందని నాకు తెలుసు. కానీ ఆయన దగ్గర నేర్చుకున్నన్నాళ్లూ అటువైపు చూసే ధైర్యం లేక, ఒక సంగతి తట్టనేలేదు. నా కాలు ఏం చేసినా అది ముందు ఆయన కాలికి తెలిసేది.

మెకానిక్ అరగంటలో వాటిని ఊడదీసి గోనెసంచిలో వేసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చాక సార్ భార్య సంచి విప్పి చూసింది. "గివేనా? గీ ఇనుప ముక్కల మీదనేనా మా సంసారం నడిచింది?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి నేను కారు నేర్చుకున్న సంవత్సరపు డైరీ వెతికి తీశాను.

ఆయన జీవితం గురించి రాయమంటే నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. నాకు తెలిసింది రెండున్నర నెలలు, రోజూ పొద్దున ఆరు గంటలకు ఒక గంట. అదీ పక్కనుంచి మాత్రమే చూసిన మనిషి. ఆయన కుడి చెంప, కుడి చెవి, ఆ చెవి మీద నెరిసిన వెంట్రుకలు నాకు బాగా తెలుసు. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉందని మాత్రం దండ వేసిన ఫొటోలోనే మొదటిసారి చూశాను.

కారు నేర్చుకోవాలని నాకు ఎప్పుడూ లేదు. మా ఊళ్లో చీరలు నేసే ఆడవాళ్లం పద్నాలుగు మందిమి ఒక సంఘంగా ఉన్నాం. సంఘానికి ఒక పాత వ్యాను ఉంది. నేసిన చీరలను పాలమూరు దుకాణాలకు మేమే చేర్చేవాళ్లం. వ్యాను నడిపే అతను హైదరాబాదులో పని దొరికి వెళ్లిపోయాడు. వ్యాను మా పెద్దమ్మ వాకిట్లో నిలబడిపోయింది. దాని కింద కోళ్లు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. పెద్దమ్మే సంఘానికి పెద్ద. ఒకరోజు అందరినీ కూర్చోబెట్టి తేల్చేసింది. మనలో ఎవరో ఒకరు నేర్చుకోవాలి. లేకపోతే వ్యాను అమ్మేయడమే, చీరలు మళ్లీ వ్యాపారి సేటు చేతిలో పెట్టి ఆయన చెప్పిందానికి తలూపడమే.

అందరూ నా వైపు చూశారు.

"డిగ్రీ చదివినవు. తొవ్వల బోర్డులు చదువుతవు. నువ్వే పోవాలె" అంది పెద్దమ్మ.

"నాకు భయం పెద్దమ్మా."

"భయం ఎవలకు లేదే? దసరా దాంక చూస్తం. రాకుంటె బండి అమ్ముడే."

అలా సార్ కారులో కూర్చున్నాను. మొదటి రోజు ఆయన నా పేరు కూడా అడగలేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తూ, "కండ్ల ముంగట ఏమున్నదో చెప్పు" అన్నాడు.

"రోడ్డు సార్."

"రోడ్డు మీద?"

"ఏం లేవు సార్."

"మేక ఉన్నది. దానికి నువ్వు కనవడ్డవు. నీకది కనవడలె. మీ ఇద్దర్ల లైసెన్సు ఎవలకియ్యాలె?"

అది ఆయన పద్ధతి. బండి నడుస్తున్నంతసేపూ కనిపించినవన్నీ పైకి చెబుతూ ఉండాలి. మేక, గుంత, ట్రాక్టరు, తలుపు తెరిచి ఉన్న ఆటో. నోట్లోంచి వస్తేనే కాలికి తెలుస్తుందని ఆయన నమ్మకం. నాకు అది క్లచ్ కంటే కష్టమైంది. బస్సులో నా స్టేజీ వచ్చినా "ఆపండి" అనలేక, తర్వాతి స్టేజీలో దిగి వెనక్కి నడిచొచ్చిన రోజులున్నాయి. చూసినవన్నీ సాయంత్రం డైరీలో రాసుకోవడం నాకు అలవాటు. సార్ సాయంత్రం దాకా ఆగనిచ్చేవాడు కాదు.

"సైకిల్ మీద తాత సార్."

"తాత ఒక్కడేనా?"

"వెనుక అవ్వ కూసున్నది."

"ఏం జేస్తుండ్రు?"

"మాట్లాడుకుంటున్నరు సార్."

"మాట్లాడుకుంటుండ్రా, కొట్లాడుకుంటుండ్రా?"

"కొట్లాట లెక్కనే ఉన్నది సార్."

"అయితె బ్రేకు మీద కాలు వెట్టు. కొట్లాడుకుంట పోయెటోడు తొవ్వ చూడడు."

నిజంగానే ఆ తాత వెనక్కి తిరిగి అవ్వతో ఏదో అంటూ రోడ్డు మధ్యకు వచ్చాడు.

ఆయన నోట ఎడమ, కుడి అనే మాటలు నేను వినలేదు. లెఫ్ట్, రైట్ కూడా. "నా దిక్కు తిప్పు", "నీ దిక్కు తిప్పు", అంతే. ఆయన కూర్చున్నది ఎడమ, మనం కూర్చున్నది కుడి. ఒకసారి ధైర్యం చేసి ఎందుకలా అని అడిగాను. "ఎడమ ఏదో తెల్వనోళ్లు ఉంటరు బిడ్డా. నేను యాడ కూసున్ననో తెల్వనోళ్లు ఉండరు" అన్నాడు.

తిట్టడం ఆయనకు రాదు. ఎవరైనా గేరును కర్రకర్రమనిపిస్తే కారు డ్యాష్‌బోర్డు మీద అరచేత్తో మెల్లగా తట్టి, "ఏమనుకోకే, కొత్త పిల్ల" అని కారుతో అనేవాడు. తిట్టినా అంత సిగ్గనిపించేది కాదు. ఒక్కొక్కరి పాఠం అయిపోగానే భుజం మీది తువ్వాలతో స్టీరింగు తుడిచేవాడు. మన చేతి చెమట తర్వాతి వాళ్లకు తగలకూడదట. "ఒకళ్ల భయం ఇంకొకళ్లకు అంటొద్దు" అనేవాడు.

ఇంకొక సంగతి. నేర్పుతున్నంతసేపూ ఆయన ఎన్నడూ మా వైపు తిరిగి చూడలేదు. మొగవాళ్లకు నేర్పేటప్పుడు చేతులు పట్టి, కాళ్లు చూసి చెబుతాడని తర్వాత తెలిసింది. ఆడపిల్లలు కూర్చుంటే మాత్రం ఆయన చూపు రోడ్డు మీద నుంచి తొలిగేది కాదు. పక్కన కూర్చున్న మనిషి తలతిప్పి చూడడన్న ధీమాతోనే నాలాంటివాళ్లం ఆయన దగ్గర కుదురుగా కూర్చోగలిగాం. నా విషయంలో ఆ మర్యాదే చిక్కు తెచ్చింది.

బండి ఎత్తుకోవడం నాకు మొదటి వారంలోనే వచ్చేసింది. ఎడమ కాలు క్లచ్ మీద నుంచి లేస్తుంటే కుడి కాలు ఆక్సిలేటరు మీద దిగడం, గేరు మార్చేటప్పుడు అది తిరగబడడం, ఇవి నా కాళ్లకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. సార్ ఆశ్చర్యపోయాడు. కానీ ఆపడం రాలేదు. బ్రేకు తొక్కిన మరుక్షణం నా ఎడమ కాలు క్లచ్ మీద నుంచి లేచిపోయేది. కారు ఒక్కసారి ఎగిరిపడి, దగ్గి, చచ్చిపోయేది.

"క్లచ్ ఇడువకు బిడ్డా."

"ఇడుస్తలేను సార్."

"ఇడిసినవు."

"నాకు తెల్వకుంట అయితున్నది సార్."

"ఎత్తుకునుడు పువ్వు లెక్క ఎత్తుకుంటవు. ఆపుడు గాడిద తన్నినట్టు ఆపుతవు. గిదేం లెక్క?" అని అద్దంతో అని, కారును తట్టి, "ఏమనుకోకే" అనేవాడు.

రెండు నెలలు గడిచాయి. డైరీలో ఒక పేజీ మొత్తం ఒకే వాక్యం ఉంది: ఈరోజు పదకొండుసార్లు ఆగిపోయింది.

పాలమూరు ఆర్టీవో ఆఫీసులో మొదటి టెస్టుకు వెళ్లినప్పుడు అదే జరిగింది. ఇన్‌స్పెక్టర్, మా సార్ కూర్చునే ఎడమ సీట్లో కూర్చుని, ట్రాక్ అంతా తిప్పించాడు. గీత దగ్గర ఆపమన్నాడు. బండి ఎగిరి గీత దాటి ఆగిపోయింది. ఆయన చేతిలో పెన్ను జారి కింద పడింది. మళ్లీ రమ్మన్నాడు, మర్యాదగానే.

ఆ సాయంత్రం పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. మక్తల్ దిక్కు నుంచి ఒకాయన వచ్చి వ్యాను చూసి పోయాడని, టైర్లు బాగున్నాయన్నాడని మాత్రం చెప్పింది. దసరాకు అప్పటికి మూడు వారాలుంది. మా అమ్మ మగ్గం మీద నుంచి, "పిల్లను భయపెట్టకు అక్కా" అంది. "భయం నాకే ఉన్నది చెల్లె. సేటు మొఖం మల్ల చూడాలె గద" అంది పెద్దమ్మ. డైరీ ముందు కూర్చున్నాను కానీ ఏమీ రాయలేదు.

మర్నాడు పాఠానికి పరుగెత్తుతుంటే చెప్పు తెగింది. రెండు చెప్పులూ చేత పట్టుకుని వచ్చి, వాటిని వెనుక సీటు కింద పడేసి, వట్టి కాళ్లతో కూర్చున్నాను. రెండు వీధులు తిరిగాం. ఆపమన్నాడు. కారు ఎగిరింది. ఆ ఎగురుడుకు సార్ జేబులోని కళ్లజోడు నా కాళ్ల దగ్గర పడింది. దాన్ని తీసుకోవడానికి వంగినవాడు అలాగే ఉండిపోయాడు. నా కుడికాలి బొటనవేలు, దాని పక్కవేలు బ్రేకు పెడల్ అంచును చిటికెలా పట్టుకుని ఉన్నాయి.

"నీది మగ్గం కాలా?" అన్నాడు.

"అవు సార్."

"ఎన్నేండ్ల సంది?"

"ఏడో తరగతిల ఉన్నప్పటి సంది సార్."

"రెండు నెలలాయె, చెప్పవైతివి!"

"మీరు అడగలే సార్."

ఆయన నిటారుగా కూర్చుని మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు. చెవి ఎర్రబడింది. "నాకు కాలి కింద తెలుస్తనే ఉన్నది. గని ఆడపిల్లను కాళ్లు చూపియ్యమని ఎట్ల అడుగుత?" అన్నాడు.

ఇద్దరు సిగ్గరులు రెండు నెలలు పక్కపక్కన కూర్చుంటే జరిగేది అదే.

మగ్గం తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. గుంట మగ్గం మీద కూర్చున్నవాళ్ల కాళ్ల కింద, బొటనవేలితో అంచు పట్టి తొక్కే రెండు చెక్కలుంటాయి. ఒకటి తొక్కితే పడుగు దారాలు రెండుగా విడిపోయి సందు ఏర్పడుతుంది, అందులోంచి అడ్డు పేక దారం మోసే నాడె దూసుకుపోతుంది. మళ్లీ రెండోది తొక్కాలి. ఒక కాలు దిగితే ఇంకో కాలు లేవాలి. రెండూ కలిపి తొక్కకూడదు. చిన్నప్పుడు పొరపాటున అలా తొక్కినందుకు మా అమ్మ నా మోకాలి మీద ఎన్ని దెబ్బలు వేసిందో లెక్కలేదు. కారులో క్లచ్, ఆక్సిలేటరు మగ్గం లెక్కనే నడుస్తాయి. కానీ ఆపాలంటే క్లచ్, బ్రేకు రెండూ కలిపి తొక్కాలి. నా బుద్ధి ఆ సంగతి ఒప్పుకుంది, నా మోకాలు ఒప్పుకోలేదు.

"నీ దిక్కు తిప్పు, ఇంటికి పోదం" అన్నాడు సార్.

వాళ్లింట్లో ముందు గదిలోనే మగ్గం. సార్ భార్య గుంటలో కూర్చుని కొంగు భాగం నేస్తోంది.

"జర లే" అన్నాడు సార్.

"పేక నడుమల ఉన్న. లేవ."

"ఐదు నిమిషాలు. గీ పిల్లను కూసోవెట్టాలె."

"నీ డ్రైవింగ్ స్కూలు నా మగ్గం మీదికి గూడ వచ్చెనా?" అంటూనే లేచి, నన్ను పైకీ కిందికీ చూసింది. "కూసో బిడ్డా. గని గీ మనిషిని దారం మీద చెయ్యి వెట్టనియ్యకు."

గుంటలోకి కాళ్లు దించి కూర్చున్నాను. చల్లగా ఉంది. నా కాళ్లు వాటంతట అవే చెక్కలను వెతుక్కున్నాయి.

"రెండు తొక్కు" అన్నాడు సార్.

"అయ్యో, దారాలు తెగుతయి!" అంది ఆమె.

"తెగితె నేను అతుకుత."

"అతికినవు తియ్! నువ్వు దారం వట్టి ఎన్నేండ్లాయె?"

నేను ప్రయత్నించాను. ఎడమ కాలు తొక్కితే కుడి కాలు పైకి వచ్చేసేది. మోకాలి మీద దెబ్బ పడుతుందేమో అన్నట్టు తొడ బిగుసుకుపోయేది. సార్ భార్యకు ఏం అర్థమైందో, గుంట అంచున నా పక్కన కూర్చుని, నా కుడి మోకాలి మీద తన చెయ్యి పెట్టింది. కొట్టడానికి కాదు. అలా పెట్టి ఉంచింది. "తొక్కు. కానీ గాక, నాదే గద చీర" అంది.

రెండూ తొక్కాను.

"ఏమయ్యింది?" అన్నాడు సార్.

"ఏం కాలే సార్."

"పడుగు తెరుసుకున్నదా?"

"లేదు."

"నాడె పోతదా?"

"పోదు."

"దారం తెగిందా?"

"తెగలే."

"మగ్గం నడుస్తలేదు. గట్లని పాడు గూడ కాలే. నీ కాళ్ల కిందనే ఉన్నది, నువ్వు ఇడిచేదాంక గట్లనే ఉంటది. గదే బిడ్డా ఆగుడంటె." అని, "నావి గూడ మగ్గం కాళ్లే. మూడుసార్లు ఫెయిలైన. నాకు గీ ముచ్చట చెప్పెటోళ్లు లేకుండిరి. గోడకు గుద్దినంక తెలిసింది" అన్నాడు.

"ఏ గోడ?" అంది ఆయన భార్య.

"ఏదో గోడ."

"మా అన్నోళ్ల గోడ! బర్రె గుద్ది కూలగొట్టిందంటివి గద అప్పుడు?"

సార్ తువ్వాల సర్దుకుని బయటికి నడిచాడు. అప్పుడు నవ్వాను, గుంటలో కూర్చుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా. ఆమె కూడా.

ఆ రోజు నుంచి చెప్పులు లేకుండానే నడిపాను. ఆపాల్సిన చోటు రాగానే సార్ "ఆపు" అనడం మానేశాడు. "మగ్గం ఆపు" అనేవాడు. మొదట్లో నాలుగుసార్లకు ఒకసారి, తర్వాత మూడుసార్లకు రెండుసార్లు, కారు దగ్గకుండా నిలబడింది. అలా నిలబడినప్పుడు ఇంజను చప్పుడు కింద నుంచి అరికాళ్లలోకి సన్నగా తెలిసేది. సార్ చూపు రోడ్డు మీదే ఉండేది. అయినా ఆయన పాదాలకు కూడా అదే తెలుస్తుండేదని ఇప్పుడు అర్థమవుతోంది.

దసరాకు నాలుగు రోజుల ముందు రెండో టెస్టు. అదే ఇన్‌స్పెక్టర్. పెన్ను ఈసారి జేబులో పెట్టుకున్నాడు. ట్రాక్ తిరిగాను. గీత దగ్గరికి వచ్చాం. ఆపమన్నాడు. రెండు కాళ్లూ కలిపి తొక్కాను. బండి గీత మీద నిలబడింది. ఆయన ఒక క్షణం చూశాడు, ఇంకా ఏదైనా జరుగుతుందేమోనని. ఏమీ జరగలేదు. పెన్ను తీసి కాగితం మీద రాశాడు.

బయట చాయ్ బండి దగ్గర సార్ నిలబడి ఉన్నాడు. పాసయ్యావా అని అడగలేదు.

"ఆగిందా?"

"ఆగింది సార్."

"ఇంజను?"

"నడుస్తనే ఉండె."

తలూపాడు. "మీ పెద్దమ్మకు చెప్పు."

ఫోన్ చేశాను. పెద్దమ్మ గొంతు తగ్గించి మాట్లాడింది. "ఆ మక్తల్ దిక్కాయన బండి తీస్కపోనీకి వచ్చి కూసున్నడు. సంఘపోళ్లందరు గీడనే ఉన్నరు. నీ ఫోన్ కోసమే చూస్తున్నం. ఏం జెప్పాలె?"

"అమ్మొద్దు పెద్దమ్మా" అన్నాను.

"ఆఁ? ఏమంటున్నవే? వినవడ్తలేదు."

"అమ్మొద్దు..."

"స్పీకర్ ఆన్ చేస్తున్న. అందర్కి వినవడేటట్టు చెప్పు."

సార్ వైపు చూశాను. ఆయన గ్లాసు పట్టుకుని ఎదురుగా గోడ వైపు చూస్తున్నాడు.

"అమ్మం!" అన్నాను. "బండి అమ్మం! నేను నడుపుత!"

చాయ్ తాగుతున్నవాళ్లు, ఫారాలు నింపుకుంటున్నవాళ్లు, కిటికీలోంచి ఇన్‌స్పెక్టర్, అందరూ నా వైపు తిరిగారు. ఫోన్లో అవతల ఆడవాళ్ల గొంతులన్నీ ఒక్కసారిగా లేచాయి. వాటి మధ్యలోంచి ఒక మొగ గొంతు, "మంచిగైంది తియ్ అమ్మా. చాయ్ అయితె తాగి పోత" అనడం వినిపించింది.

తిరుగు ప్రయాణంలో బండి నేనే నడిపాను. దేవరకద్ర దాటేదాకా సార్ రెండు పాదాలూ తన పెడళ్ల మీదే ఉంచుకున్నాడు. తర్వాత చెప్పులు విప్పి, రెండు కాళ్లూ సీటు మీదికి తీసుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కాసేపటికి తల ఒక పక్కకు వాలింది. సన్నగా గురక మొదలైంది. మరికల్ దాటాక ఒక బర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. ఆపాను. బర్రెలు తీరిగ్గా, ఒకదాని వెనుక ఒకటి, దాటిపోయాయి. ఆయన నిద్ర లేవలేదు.